గోదారి దాటి వచ్చిన చెట్టుకప్పలు

పోయిన వానాకాలం ఒక పొద్దున ఒకమ్మాయి కరీంనగర్‌లోని మా ఇంటి గేటు ముందు నిలబడి, చెప్పులకు అంటిన బురదను మెట్టు అంచుకు గీకుతూ కనిపించింది. భుజాన సంచి, చేతిలో గొడుగు. ఏ సర్వేకో వచ్చిందనుకుని, ఇంట్లో ఎంతమందిమో చెప్పడానికి సిద్ధపడి బయటికి వచ్చాను. "అమ్మా, చొప్పదండి అవతల మీ ఊళ్లె చేదబాయి మీదేనట గదా? గా బాయిల కప్పల గురించి జర అడుగుదామని వచ్చిన," అన్నది. నేను చాలా ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ తరువాత నాలుగు కథలు రాసినదాన్ని. భూమి కాగితాల గురించి నన్ను అడిగినవాళ్లున్నారు, పెళ్లి సంబంధాల గురించి అడిగినవాళ్లున్నారు. కప్పల గురించి అడగడానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషిని చూడటం అదే మొదలు. అలాంటి మనిషిని గేటు దగ్గరి నుంచే పంపించడం నావల్ల కాదు. లోపలికి పిలిచి చాయ్ పెట్టాను.

పేరు నస్రీన్. ఈ ఊరి పిల్లే, తండ్రిది బట్టల దుకాణం. యూనివర్సిటీలో రెండేళ్లుగా చెట్టుకప్పల మీద పరిశోధన చేస్తోంది. "చెట్టుకప్ప తెలుసు గదమ్మా? తానాలు చేసేకాడ గోడకు అంటుకొని ఉంటది," అన్నది. తెలియకేం. ఎండుటాకు రంగు ఒళ్లు, పెద్ద కళ్లు, వేళ్ల చివర మినప్పప్పు బద్దంత గుండ్రటి మెత్తలు. నీళ్లలో కాకుండా నీళ్లకు పైన, గోడకో కొమ్మకో తెల్లటి నురుగు ముద్ద పెట్టి అందులో గుడ్లు దాచే కప్ప. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైనది ఇది. గోదావరికి ఇవతల కరీంనగర్ దిక్కు కప్ప, అవతల ఆదిలాబాద్ దిక్కు కప్ప చూడటానికి ఒక్కటే. కానీ నోట్లో దూదిపుల్ల తిప్పి, ఆ తడిలోంచి జన్యువులు తీసి చూస్తే రెండూ వేరువేరుగా ఉన్నాయట. ఎప్పుడో ఒకటే కుటుంబం. నడుమ ఏదో అడ్డం పడింది. నది కావచ్చు, గుట్టలు కావచ్చు, అది ఆమెకే ఇంకా తేలలేదు. రాకపోకలు ఆగాక ఎన్నో తరాలుగా ఈ దరిన ఒక చిన్న మార్పు, ఆ దరిన ఒక చిన్న మార్పు పోగవుతూ వచ్చాయి. అరుపు కూడా మారింది. అరుపు మారితే ఆడకప్ప దాన్ని పట్టించుకోదు, పట్టించుకోకపోతే జత కట్టదు, జత కట్టకపోతే ఎడం ఇంకా పెరుగుతుంది. అట్లా పోగాపోగా ఒక జాతి రెండు జాతులవుతుందట. "అయినయా, ఇంకా అవుతున్నయా అన్నదే నా పని అమ్మా," అన్నది.

ఫోన్ తీసి రెండు అరుపులు వినిపించింది. మొదటిది మా దిక్కుది, చాటలో గింజలు రాలినట్టు గబగబా టకటకటక. రెండోది ఆదిలాబాద్ దిక్కుది, ఎవరో తలుపు తట్టి ఆగి మళ్లీ తట్టినట్టు. ఠక్. ఠక్. ఠక్. కాసేపు ఏమీ లేదు, మళ్లీ మూడు దెబ్బలు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "గీ రెండోది ఆదిలాబాద్‌ల వినపడ్డది కాదమ్మా, మీ బాయిల వినపడ్డది," అన్నది నస్రీన్. "గోదారికి ఇవతల ఎన్నో ఊళ్లు తిరిగిన, ఇంకెక్కడ దొరకలే. మా సారు నమ్ముతలేడు. శాంపిల్ల డబ్బాల మీద చీటీలు తారుమారు చేసినవంటుండు. నేను మార్చలే. మార్చలేదని ఎట్ల రుజువు చెయ్యాలె? లేకుంటె కప్పలు వాటంతట అవే గోదారి దాటినయని రాయాలె. గట్ల రాస్తె ఇన్నొద్దులు నేను చెప్పుకుంట వచ్చిందంత తప్పయితది." గొంతు మామూలుగానే ఉన్నది గానీ గొడుగు పిడిని గోటితో గీకుతూనే ఉంది. "మీ ఇంట్ల ఎవరన్న, ఎన్నడన్న, ఆదిలాబాద్ నుంచి ఏమన్న తెచ్చిన్రా అమ్మా? చెట్టుగిట్టు, కుండలుగిండలు?"

"నాకేం తెల్వది బిడ్డా," అన్నాను.

నాకు తెలుసు. బాగా తెలుసు. ఆ అబద్ధం నా నోట్లోంచి అంత సులువుగా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మా బాపమ్మ దగ్గర మొదలుపెట్టాలి. నాన్నను మేము బాపు అనేవాళ్లం, బాపు తల్లిని బాపమ్మ. ఆమె పోయి చాలా కాలమైంది, ఆమె భయం మాత్రం ఇంకా పోలేదు. పొట్టి మనిషి, చెవులకు బరువైన గంటీలు, దవడలో ఎప్పుడూ తంబాకు. కోడి కూయగానే లేచి వాకిట్లో పెండనీళ్ల సాన్పు చల్లి, నీళ్ల కాగు కింద పొయ్యి ముట్టించి, వేపపుల్లల పొగకు దగ్గుతూ ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తిట్టి లేపేది. పచ్చిపెండ వాసన, వేపపొగ వాసన, కాగే నీళ్ల ఆవిరి మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. ఇప్పుడు స్విచ్చి వేస్తే వేడినీళ్లు వస్తున్నాయి. సుఖంగానే ఉంది, కాదనను. వాసన మాత్రం ఏదీ లేదు. నీళ్ల విషయంలో బాపమ్మకు సొంత చట్టాలుండేవి. తాగేనీళ్ల కుండలో వాడుకనీళ్ల చెంబు ముంచామా, ఆ పూట వీపు చిట్లినట్టే. స్నానాల బండ పక్కన మెడ దాకా మట్టిలో పాతిన పెద్ద నీళ్లకుండ, గోలెం, ఒకటి ఉండేది. దాన్ని ఎవరు నింపాలో, ఎంతవరకు నింపాలో కూడా ఆమే చెప్పేది.

మా అవ్వది ఆదిలాబాద్. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటాం. ఆమె అసలు పేరు రుక్మాబాయి. అత్తగారింటికి రాగానే రుక్కవ్వ అయింది. వాళ్ల నాన్న జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు, ఇంటి చుట్టూ మరాఠీ మాట్లాడేవాళ్లు. అందుకని అవ్వ తన తల్లిని ఆయి అనేది, ఊరికే అనడానికి 'ఉగాచ్' అనేది. ఎందుకు నవ్వుతున్నవే అంటే ఉగాచ్. కండ్లెందుకు ఎర్రగున్నయే అంటే ఉగాచ్. ఆ మాటను పట్టుకుని ఇంట్లో అందరూ ఆటపట్టించేవాళ్లు, అందరికంటే ఎక్కువ మా లచ్చత్త. లచ్చత్త బాపు చెల్లెలు. అప్పటికి పెళ్లికాని పిల్ల, వదినెను వెక్కిరించడమే ఆమెకు కాలక్షేపం. అవ్వ కోపగించుకునేది కాదు, రొట్టె చరుస్తూ తనూ నవ్వేది. ఒక్కసారి మాత్రం, వానాకాలం సాయంత్రం గోలెం దగ్గర గిన్నెలు తోముతూ, గోడ మీద కప్ప గబగబా అరుస్తుంటే కాసేపు చెవిపెట్టి విని, "గిక్కడ కప్పలు సుత మాలెక్క మాట్లాడయి," అన్నది. లచ్చత్త కడుపు పట్టుకుని నవ్వింది. నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. నాకు నవ్వు రాలేదు. అంతమంది ఉన్న ఇంట్లో అవ్వకు తన మనిషి అంటూ ఒక్కరు లేరని ఆ రోజే తట్టింది, చాలా బాధేసింది.

మరుసటి ఎండాకాలం ఆదిలాబాద్ పోయినప్పుడు కూడా ఆ మాట నా బుర్రలోనే ఉంది. అమ్మమ్మ ఇంటి వెనకే మిల్లు గోడ. గాల్లో ఎప్పుడూ పత్తి నూగు ఎగురుతుండేది, ఆరబెట్టిన బట్టల మీద, ఆరేసిన మిరపకాయల మీద, తాత మీసాల మీద కూడా. పత్తిగింజల జిడ్డు వాసన ఇంట్లోకి వచ్చి అన్నంలో కలిసిపోయేది. అమ్మమ్మ పచ్చిమిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉప్పు వేసి దంచిన కారంతో జొన్నరొట్టె తింటూ అవ్వ ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. అవ్వ గొంతు అంత పెద్దదని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తిరుగు ప్రయాణానికి ముందురోజు వాన పడింది. మిల్లు నీళ్లతొట్టి మీద ఆ మూడు దెబ్బల అరుపు వినిపించి పోయి చూశాను. ఒక పెద్ద కప్ప, దాని వీపు మీద గట్టిగా పట్టుకుని ఒక చిన్న కప్ప. తల్లి పిల్లను మోస్తోందనుకున్నాను. అంతకంటే మంచి జంట నాకు దొరకదనిపించింది. అమ్మమ్మ ఇత్తడి డబ్బాలో తడిబట్ట వేసి రెండింటినీ అందులో పెట్టి, గాలి ఆడేటట్టు మూత సందులో పుల్ల ఇరికించాను. నిర్మల్ దాటాక గోదావరి వంతెన మీద బస్సులో ఆడవాళ్లందరూ దండం పెట్టుకున్నారు, అవ్వ కూడా పెట్టుకుంది. నేను ఒళ్లో డబ్బాను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

వాటిని గోలెం వెనక గోడ సందులో వదిలాను. కొన్నాళ్లు చప్పుడే లేదు. మా ఊళ్లో మొదటి వాన పడిన మర్నాడు గోలెం లోపలి అంచుకు పిడికెడు నురుగు ముద్ద కనిపించింది. ఆ సాయంత్రం గోడమీంచి ఠక్, ఠక్, ఠక్. గిన్నెల తట్టతో వచ్చిన అవ్వ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. తట్ట నడుము మీద, తల ఒక పక్కకు వంచి, అరుపు ఆగేదాకా అట్లాగే నిలబడింది. "ఏందవ్వా?" అంటే "ఉగాచ్," అన్నది. మొహం మాత్రం ఆదిలాబాద్‌లో ఉన్నప్పటి మొహం. నేను తెచ్చానని చెప్పలేదు. అవి తమంతట తామే ఆమె కోసం వచ్చాయని ఆమె అనుకోవాలని నా ఆశ. పెద్దయ్యాక జీతం అందుకుని అవ్వకు చీరలు కొన్నాను, గాజులు చేయించాను. ఏదీ ఆ మొహం తెప్పించలేదు.

ఆ మొదటి వాన మురిపించి పోయింది. పోయింది పోయినట్టే రాలేదు. చేలో వేసిన మక్కలు మొలకెత్తి వాడిపోతున్నాయి. బాపు చేనుగట్టు మీద కూర్చుని కూర్చుని వచ్చి కంచంలో సగం అన్నం వదిలేసేవాడు. వాన రాకపోతే మా దిక్కు పిల్లలు కప్పతల్లి ఆడతారు. ఒక కప్పను పట్టి, రోకలికి నడుమ వేపమండల్లో కట్టి, ఇద్దరు పిల్లలు రోకలిని చెరో కొస భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడవాళ్లు కప్ప మీద నీళ్లు పోసి చాటలో ఇన్ని గింజలు పెడతారు. కప్ప తడిస్తే వాన దిగుతుందని నమ్మకం. మా వాడలో ఈ ఆటకు పెద్ద బాపమ్మ, దీనికీ ఆమె చట్టం ఉంది. "కప్ప మన నీళ్లదే ఉండాలె. ఆట అయినంక ఏ నీళ్లల్లకెల్లి తెచ్చిన్రో గా నీళ్లల్లనే ఇడవాలె. పరాయి నీళ్ల కప్పకు మన ఊరు తెల్వది, అది దాని ఊరికే వానను పిలుస్తది."

ఆ ఏడు కుంటలు ఎండి కప్పలన్నీ మట్టిలో దూరాయి, ఎంత వెతికినా దొరకలేదు. కప్పను తెచ్చినవాళ్లే రోకలి ముందు కొస మొయ్యాలి. ఆ ముందు కొస కోసం నేను ఎంతకైనా తెగించేదాన్ని, తెగించాను. గోలెం వెనక నుంచి చిన్న కప్పను పట్టుకొచ్చి వేపాకుల్లో కట్టించాను. వాడంతా తిరిగాం. కప్ప మీద పడిన నీళ్లకంటే నా మీద పడినవే ఎక్కువ. ఆట అయిపోయాక బాపమ్మ రోకలి విప్పి, కప్పను అరచేతిలో పెట్టుకుని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏ నీళ్లదే గిది?"

"మన బాయిదే బాపమ్మా."

"బాయిదైతె బాయిలనే ఇడువు. నడువు."

పక్కనే నిలబడి విడిపించింది. కప్ప బావి రాతిని కరుచుకుని కాసేపు కదలలేదు, తరువాత సందులోకి పోయింది. తల్లి లేకుండా పిల్ల ఎట్లా ఉంటుందని, బాపమ్మ నిద్రపోయిన మధ్యాహ్నం పూట గోలెం దగ్గరి పెద్ద కప్పను, నీళ్లలోని తోకకప్పలను ముంతతో ఎత్తి బావిలో దించాను. వాన రాలేదు. వారం తిరక్కుండానే ఆదిలాబాద్ నుంచి మా మామ వచ్చి, తువ్వాలతో తల తుడుచుకుంటూ, "మా దిక్కు ఒక్కటే వాన. వాగులు వచ్చి బస్సులు బంద్ అయినయి," అన్నాడు. నా కప్ప దాని ఊరికి వానను పిలుచుకుంది, బాపు అన్నం వదిలేయడానికి నేనే కారణం. కొన్నాళ్లకు మాకూ వాన వచ్చింది, బాపు మళ్లీ విత్తాడు, ఆలస్యపు పంటైనా తిండికి లోటు రాలేదు. నా భయం మాత్రం తగ్గలేదు. ఆ తరువాత రుతుపవనాల పాఠం ఎంతమంది పిల్లలకు చెప్పానో. ప్రతిసారీ ఆ పాఠం దగ్గర బాపమ్మ కళ్లముందు నిలబడేది.

నస్రీన్ వెళ్లిపోయాక ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. నేను అబద్ధం చెబితే నమ్మి నా వెంట బావి దాకా వచ్చిన మనిషి బాపమ్మ. ఈ పిల్ల నిజం చెబుతుంటే నమ్మేవాళ్లు లేరు. నా దగ్గరున్న ఒక్క మాటతో ఆ పిల్ల రెండేళ్ల కష్టం నిలబడుతుంది, నేనేమో ఈ వయసులో, ఎప్పుడో పోయిన ముసలామెకు భయపడి నోరు మూసుకున్నాను. సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "బిడ్డా, నీకు అబద్ధం చెప్పిన. బాయికాడికి పోదాం రా, అక్కడ చెప్త," అన్నాను.

ఊళ్లో పాత ఇల్లు లేదు. తమ్ముడు మస్కట్ నుంచి వచ్చి అక్కడే కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గోలెం ఉన్నచోట ఇప్పుడు మోటర్‌సైకిల్ నిలుస్తుంది. బావిని కూడా పూడ్చేద్దామన్నాడు గానీ, అప్పటికి బతికే ఉన్న అవ్వ బావి గట్టు మీద కూర్చుని లేవనంటే లేవనన్నది. ఎందుకవ్వా అంటే మళ్లీ అదే ఉగాచ్. పెద్దతనం చాదస్తం అనుకుని ఇనుప జాలీ వేయించి వదిలేశాడు. మేము పోయేసరికి చినుకు పడి ఆగింది. ఆ ఊళ్లోనే పెళ్లి చేసి ఇచ్చిన లచ్చత్త మేము వచ్చిన మాట విని కర్ర పొడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చుంది. ఇద్దరి ముందూ డబ్బా నుంచి రోకలి దాకా అంతా చెప్పాను. తల్లీపిల్ల అన్న దగ్గర నస్రీన్ నవ్వాపుకోలేకపోయింది. "తల్లీపిల్ల కాదమ్మా, ఆలుమగలు. చిన్నది మొగకప్ప, అరిచేది అదే." ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ తరువాత ఆమె నవ్వు ఆగి, మాటలు తొందర తొందరగా వచ్చాయి. "గందుకేనమ్మా, గీ బాయిల ఆదిలాబాద్ కప్పలన్ని ఒక్క జంటకు పుట్టినంత దగ్గరి చుట్టాలున్నయి. ఎందుకో తెల్వక పరేషాన్ అయిన. మీరు చెప్పింది దానికి సరిగ్గ కూసుంటది. నా చీటీలు తప్పు కాదు. ఇంకోటి ఇనుండ్రి. మన దిక్కు కప్పలు సుత గీ బాయిలనే ఉన్నయి, అదే గోడ, అవే రాళ్లు. నేను చూసినంతల రెండు కలిసి పుట్టింది ఒక్కటి దొరకలే. ఇన్నేండ్లు పక్కపక్కన బతికి సుత కలువలేదంటె అవి ఒక్క జాతి కాదనే గదా. కావాలని ఎవ్వరం చెయ్యరాని పరీక్ష మీరు చిన్నప్పుడే చేసిన్రు." ఇప్పుడెవరైనా అట్లా కప్పల్ని ఊళ్లు మారిస్తే తనే తిడతానని కూడా అన్నది.

నాకు అవ్వ గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఒక జీవితకాలం ఉండి కూడా ఆమె మాట మారలేదు. చివరి రోజుల్లో కూడా నీళ్లు తాగించబోతే, చాలు అనడానికి 'బస్' అనేది. నేనేమో బడిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట, ఆదిలాబాద్ పోతే ఇంకో మాట. మూడూ నావే, మూడింటిలోనూ హాయిగానే బతికాను. అదే ఆలోచిస్తుంటే నస్రీన్ బావిలోకి తొంగిచూస్తూ, "ఒక్కటే తెలుస్తలేదమ్మా. గీ బాయి ఎండకాలం ఎండుతదట. నడుమల కరువులు సుత వచ్చినయి. గింత చిన్న గుంపు ఎట్ల బతికింది?" అన్నది.

లచ్చత్త కర్ర పక్కన పెట్టింది. "ఎట్ల బతుకుడేంది. వదినె సాకింది," అన్నది నా వైపు తిరిగి. "మీ అవ్వకు తెల్వదనుకున్నవా? బస్సుల నీ పక్కకే కూసున్నదాయె, ఒళ్లె డబ్బ అరుస్తుంటె ఇనవడదా? బాయి ఎండిన ఏండ్ల బోరింగుకాడికెల్లి బిందె మోసుకొచ్చి గీ రాళ్ల సందులు తడిపేది. గట్టు కింద కుండ పాతి నీళ్లు పోసేది. నురుగు ముద్ద ఎండకు వడితె ఆకుతోని ఎత్తి కుండ మీద వెట్టేది. ఎందుకు వదినె గీ గోస అంటె ఉగాచ్ అనేది. ఒకనాడు పట్టువట్టి అడిగిన. 'నా పుట్టింటోళ్లున్నరు లచ్చవ్వా' అన్నది. గానాడు నాకు నవ్వు రాలే."

"మరి బాపమ్మకు తెలిసిందా అత్తా?"

"తెలిస్తె నువ్వు ఇన్నేండ్లు బతికేదానివా?"

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, తుడుచుకోలేదు. నేను దాచాననుకున్నది అవ్వకు తెలుసు. నేను దాచింది నా కోసం తను కూడా దాచింది, దాచి, నేను పెళ్లై వెళ్లిపోయాక కూడా నీళ్లు మోసింది. లోపలి నుంచి ఠక్, ఠక్, ఠక్ అని వినిపించింది. లచ్చత్త తల ఒక పక్కకు వంచింది.

నస్రీన్ పుస్తకం తెరిచి, కలం తీసి, "ఎక్కడికెల్లి వచ్చినయో, ఎవరు తెచ్చిన్రో రాసుకుంట అమ్మా. మీ పేరు చెప్పుండ్రి," అన్నది.

"తెచ్చింది శాంత అని రాయి బిడ్డా," అన్నాను. "దాని కింద, సాకింది రుక్మాబాయి అని రాయి. రుక్కవ్వ అని రాయకు. రుక్మాబాయి, ఆదిలాబాద్."